బి.ఎస్సీ. పట్టా తరువాత: మనలి విద్యార్థి ముందున్న మార్గాలు

మనలిలో నివసించే తెలుగు కుటుంబపు బిడ్డ రసాయనశాస్త్రంలో పట్టా పొందితే, ఆ చదువుతో నడిచే కర్మాగారాలు ఇంటి ముంగిటనే ఉంటాయి. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో ఏర్పడిన నేటి చెన్నై పెట్రోలియం కార్పొరేషన్, ఎరువులు తయారుచేసే మద్రాస్ ఫెర్టిలైజర్స్, బట్టల సబ్బుపొడికి ముడిసరకునిచ్చే తమిళనాడు పెట్రోప్రొడక్ట్స్ ఈ ప్రాంతంలోనివే. అయినా ఆ ప్రహరీ లోపలికి దారి ఎటో చాలామందికి తెలియదు. తెలిసినవారి సిఫారసుతో ఒప్పంద కూలీగా చేరడమే మార్గమనుకొని పట్టాను పెట్టెలో దాచినవారూ ఉన్నారు.

అప్రెంటిస్ చట్టం కింద అటెండెంట్ ఆపరేటర్, ల్యాబొరేటరీ అసిస్టెంట్ అనే రసాయన కర్మాగార శిక్షణలకు బి.ఎస్సీ. పట్టభద్రులను తీసుకుంటారు. పీడనం, ఉష్ణోగ్రతల నమోదు, నమూనాల సేకరణ, పరీక్ష ఇందులోని పని. శిక్షణకాలంలో భృతి లభిస్తుంది. అయితే శిక్షణ ముగిసిన చోటనే ఉద్యోగమిస్తారన్న హామీ లేదు. ఇది ముందే తెలిసియుండాలి. ప్లాస్టిక్ పరిశ్రమపై ఆసక్తి గలవారికి గిండీలో 1968లో స్థాపితమైన సిపెట్, సైన్సు పట్టభద్రుల కొరకు పోస్టుగ్రాడ్యుయేట్ డిప్లొమా నడుపుతున్నది.

పరిశోధన, కళాశాల అధ్యాపకత్వం కోరువారికి ఎం.ఎస్సీ. తప్పదు. ఐ.ఐ.టి.లలో ప్రవేశానికి జామ్ పరీక్ష, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సి.యు.ఇ.టి.-పి.జి. ఉన్నాయి. జామ్ ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. గణితం చదివినవారు టాన్సెట్ రాసి ఎం.సి.ఏ.లో చేరవచ్చు. పాఠశాల ఉపాధ్యాయ వృత్తికి బి.ఇడి. రెండేళ్ల చదువు.

విద్యార్హత ఉండి కూడా వలస కుటుంబాల పిల్లలు చిక్కుబడేది భాష వద్ద, ధ్రువపత్రాల వద్ద. తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలలో పదవ తరగతి స్థాయి తమిళ అర్హతపత్రం తప్పనిసరి. అందులో 40 శాతం మార్కులు రాకుంటే మిగిలిన జవాబులు లెక్కకు రావు. వీధిలో తమిళం ధారాళంగా మాట్లాడే తెలుగు యువత వ్రాతలో తడబడుట సహజమే కనుక, ఈ పత్రానికి సాధన డిగ్రీ చదువుతున్నప్పుడే మొదలుపెట్టడం మేలు. తమిళ మాధ్యమంలో చదివినవారికి కేటాయించిన 20 శాతం ప్రాధాన్యం తెలుగు మాధ్యమంవారికి వర్తించదు. రైల్వే నియామక పరీక్షలను మాత్రం తెలుగులోనే వ్రాయవచ్చు.

కులధ్రువీకరణ మరింత జాగ్రత్త కోరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు గల కుటుంబపు విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు బొంబాయి వైద్య కళాశాలలో ఆ కోటా కింద సీటు కోరగా, స్వరాష్ట్రపు హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదని 1990లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగలవారి విషయంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్వరాష్ట్రపు ధ్రువీకరణ చెల్లుతుంది. ఏ దరఖాస్తుకు ఏ పత్రమో ముందే విచారించుకోవాలి.

ఇంకొక చిన్న విషయం. ఆంధ్రలో చదివిన పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి కళాశాల పత్రాలలో తండ్రి పేరు తొలి అక్షరమే కనబడుతుంది. పేరు ఒక్కో పత్రంలో ఒక్కో తీరున ఉంటే ధ్రువపత్రాల పరిశీలననాడు చిక్కు వస్తుంది. ఆ సవరణను చివరి సంవత్సరపు పరీక్షలకు మునుపే కళాశాల కార్యాలయంలో అడిగి చేయించుకోవాలి.