దూరవిద్యా మదరసాలో చేరేముందు

ధర్మజ్ఞానాన్ని ఆర్జించడం ప్రతి ముస్లింపై విధి అని దైవప్రవక్త (స) ప్రబోధించారు. ఆ తపన ఉన్నా మదరసాకు వెళ్ళి కూర్చునే వీలు అందరికీ ఉండదు. ఇంటి బాధ్యతలున్న సోదరీమణులు, దుకాణం వదిలి కదల్లేని వ్యాపారులు, గల్ఫ్‌లో పని చేసుకునే మన తెలుగు సోదరులు - వీరందరికీ ఇంటి దగ్గరే ఆలిం కోర్సు నేర్పుతామనే సంస్థలు పెద్ద ఆసరాగా కనిపిస్తాయి. అయితే గుర్తింపు లేని సంస్థలో చేరవచ్చా?

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపేయడం వల్లనే చాలామంది మోసపోతున్నారు. అక్కడ ఇచ్చే పట్టా చెల్లుతుందా అన్నది ఒకటి. అక్కడ నేర్పే ధర్మం నమ్మదగినదా అన్నది మరొకటి.

మొదటిదానికి జవాబు సూటిగానే ఉంది. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ, చట్టం ప్రత్యేకంగా అనుమతించిన సంస్థలకూ మాత్రమే ఉంది. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదరసా చట్టాన్ని సమర్థిస్తూనే, ఆ బోర్డు కామిల్, ఫాజిల్ డిగ్రీలు ఇవ్వడం మాత్రం యూజీసీ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. సాక్షాత్తూ ప్రభుత్వ బోర్డు పరిస్థితే ఇదైతే, ఊరూ పేరూ లేని సంస్థ ఇచ్చే 'బి.ఏ.' సంగతి వేరే చెప్పాలా! ఉద్యోగమో పైచదువో మీ ఉద్దేశమైతే 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ వంటి చోట దూరవిద్య గురించి విచారించండి. అక్కడ కూడా, మీరు కోరే కోర్సుకు ఆ ఏడాది యూజీసీ అనుమతి ఉందని చూసుకున్నాకే ఫీజు కట్టండి. పిల్లల ఇంటర్ మాన్పించి ఇలాంటి కోర్సుల్లో చేర్చే తల్లిదండ్రులు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఇక రెండో ప్రశ్న. 1866లో మొదలైన దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ కూడా విశ్వవిద్యాలయం కాదు. అయినా దాని సనద్‌కు ఉన్న గౌరవం అందరికీ తెలిసిందే. ఆ గౌరవం ప్రభుత్వ ముద్ర వల్ల రాలేదు, ఉస్తాదుల పరంపర వల్ల వచ్చింది. ధర్మజ్ఞానాన్ని ఎవరి వద్ద తీసుకుంటున్నారో చూసుకోమని ఇబ్ను సీరీన్ (రహ్మలై) హెచ్చరించింది అందుకే.

దూరం నుంచి నేర్చుకోవడాన్ని మన పూర్వ విద్వాంసులు తప్పుపట్టలేదు. హజ్రత్ జాబిర్ (రజి) ఒక్క హదీసు కోసం నెల రోజులు ప్రయాణం చేసిన మాట నిజమే. కాని ఉస్తాద్ రాసి పంపిన హదీసులను స్వీకరించే పద్ధతి కూడా ఉండేది. దాన్ని 'ముకాతబ' అన్నారు. రాసింది ఫలానా ఉస్తాదే అని నిర్ధారణ కావాలని షరతు పెట్టారు. ఎక్కడో దొరికిన పుస్తకాన్ని ఉస్తాద్ లేకుండా చదివి చెప్పడం 'విజాద'. దాన్ని చాలా బలహీనమైన మార్గంగా ఎంచారు.

కనుక మీరు చేరబోయే సంస్థ ఈ రెండింటిలో దేన్ని పోలి ఉందో చూడండి. పాఠం చెప్పే ఉస్తాద్ పేరేమిటి? ఆయన ఎక్కడ, ఎవరి వద్ద చదివారు? ఏ గ్రంథాలు చెబుతారు? సందేహం వస్తే ఆయనే జవాబిస్తారా? వీటికి నసుగుడు సమాధానాలు వస్తే వదిలేయండి. 'అంతర్జాతీయ గుర్తింపు' అంటే ఇచ్చిందెవరో అడగండి. మదరసాలో ఏళ్ళ తరబడి కూర్చుని చదివే దర్సె నిజామీని ఆరు నెలల్లో ముగించి 'ఆలిం' బిరుదు ఇస్తామనే వారి విషయం ఆలోచించాల్సిన పని కూడా లేదు. అలాంటి బిరుదు పట్టుకుని ఎవరైనా తలాఖు మీదనో వారసత్వం మీదనో ఫత్వా ఇస్తే చెడేది ఇంకొకరి సంసారం.

ఖుర్ఆన్ పారాయణం విషయంలో రికార్డు చేసిన పాఠం ఎంత బాగున్నా చాలదు. అరబీలో 'ఖల్బ్' అంటే హృదయం. అందులోని ఖాఫ్‌ను కాఫ్‌గా పలికితే కుక్క అని అర్థం. తెలుగు లిపిలో చదివి అలవాటైన నాలుకకు ఈ తేడా సులభంగా పట్టుబడదు. మీరు చదువుతుంటే విని సరిదిద్దే ఉస్తాద్ ఉండాలి. అది ఫోన్‌లో అయినా సరే.

ఫిఖహ్, సీరత్ ప్రాథమిక పాఠాలకైతే అంత పట్టింపు అక్కర్లేదు. నమాజు, జకాత్ నియమాలు తెలుసుకోవాలనుకునే గృహిణికి పట్టాతో పనేముంది? ఉస్తాద్ తెలిసినవారై, ఫీజు అందుబాటులో ఉంటే నిశ్చింతగా చేరవచ్చు. ముందుగా పాఠ్యగ్రంథాల జాబితా, ఒకటి రెండు పాఠాలు తెప్పించుకుని మీ ఊరి ఆలిం గారికి చూపించండి. ఏడాది ఫీజు ఒక్కసారే కట్టమంటే, మొదటి నెల పాఠాలు విన్నాక కడతామని చెప్పండి.