మర్చిపోవడం ఒకటే, కారణాలు మూడు

"ఎంత చదివినా గుర్తుండట్లేదు" అని పిల్లలు అంటారు. "వయసైపోయింది, ఏదీ జ్ఞాపకం ఉండట్లేదు" అని పెద్దవాళ్ళు అంటారు. మాట ఒకటే గానీ, లోపల జరిగేది ఒకటి కాదు. ఈ రోజు ఆ తేడా తెలుసుకుందాం.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కాబట్టి, జ్ఞాపకం అనగానే నాకు హార్డ్ డిస్క్ గుర్తొస్తుంది. కానీ మెదడు అలా ఉండదండి. జ్ఞాపకం ఒక ఫైల్‌లాగా ఒక్కచోట కూర్చోదు. మెదడు కణాల మధ్య బలపడే కనెక్షన్లే జ్ఞాపకం. దీనికి మూడు మెట్లు ఉన్నాయి: నమోదు కావడం, నిలబడడం, తిరిగి గుర్తుకు రావడం. ఏ మెట్టు దగ్గర తప్పినా మనం "మర్చిపోయాను" అనే అంటాం.

మొదటి మెట్టు: ఫోన్ మాట్లాడుతూ తాళంచెవి ఎక్కడో పెట్టేస్తాం. తర్వాత ఇల్లంతా వెతుకుతాం. నిజానికి అది మర్చిపోవడం కాదు. ధ్యాస అక్కడ లేదు కాబట్టి అసలు నమోదే కాలేదు.

రెండో మెట్టు: మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛ తగ్గడం కోసం ఆపరేషన్ చేసి, రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. చిన్ననాటి సంగతులు ఆయనకి గుర్తున్నాయి. కొత్త సంగతులు మాత్రం నిలవలేదు. ఏళ్ళ తరబడి ఆయన్ని పరీక్షించిన బ్రెండా మిల్నర్ ప్రతిసారీ ఆయనకి కొత్త మనిషే! అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం మాత్రం రోజురోజుకీ బాగా వచ్చింది, నేర్చుకున్నట్టు ఆయనకే తెలియకుండా. అంటే చేతిపనుల జ్ఞాపకం దారి వేరు.

మూడో మెట్టు: పేరు నోటిదాకా వస్తుంది, బయటికి రాదు. ఎవరైనా మొదటి అక్షరం అందిస్తే చటుక్కున వచ్చేస్తుంది. అంటే లోపల ఉంది, దారే దొరకలేదు. ఆ దారి నడిచేకొద్దీ బాగుపడుతుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్ళు ముందున్నారు. కాబట్టి పిల్లలూ, ఒకసారి చదివాక పుస్తకం మూసి మీలో మీరే చెప్పుకోండి. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఇంకోసారి చెప్పుకోండి. రాత్రి నిద్ర మానకండి, చదివింది స్థిరపడేది నిద్రలోనే ఎక్కువ.

ఇక ముఖ్యమైన మాట. అల్జీమర్స్ జబ్బులో సాధారణంగా ముందుగా దెబ్బతినేవాటిలో ఈ హిప్పోక్యాంపస్ ఒకటి. అందుకే తాతగారు తన పెళ్ళినాటి సంగతులు పూసగుచ్చినట్టు చెబుతారు, పొద్దున్న టిఫిన్ తిన్నారో లేదో చెప్పలేరు. అడిగిందే పదిసార్లు అడుగుతారు. అప్పుడు "ఇందాకే చెప్పానుగా!" అని విసుక్కుంటాం. మనం చెప్పాం, నిజమే. కానీ ఆయన లోపల అది నిలవలేదు. ఆయనకి అది పదోసారి కాదండి, మొదటిసారే. అలాగే జవాబు చెప్పండి. ఇలాంటి మార్పు కొత్తగా కనిపిస్తే, వయసే అని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించండి.

మళ్ళీ ఇంకో పాఠంలో కలుద్దాం.