చత్వారం వచ్చిన కంటికి రైఫిల్ గురి

నలభై దాటిన కంటికి చత్వారం రావడం మనమెరిగినదే. కటకం గట్టిపడి, దగ్గరికీ దూరానికీ చటుక్కున సర్దుకోలేదు. రైఫిల్ పట్టినవాడికి ఇది పెద్ద చిక్కు. వెనక గంటు, గొట్టం చివరి ముక్కు, గురిబొమ్మ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి మరి. సైన్యంలో చేసొచ్చి సేద్యంలో దిగిన మా తాత, ఎయిర్ రైఫిల్ గురి తప్పితే "చేతిలో పట్టు పోయిందిరా" అంటాడు. ఆ లోపం చేతిది కాదు, కంటిది.

టెలిస్కోపు బిగిస్తే అడ్డగీతలూ బొమ్మా ఒకే దూరాన కనిపిస్తాయి. అయితే ఎన్ని రెట్లు పెంచితే అంత మేలని భ్రమపడరాదు. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగించి చూడండి. 32 మి.మీ. కటకం 4 రెట్లయితే 8 మి.మీ. వెడల్పున వెలుగు కంటికొస్తుంది. 16 రెట్లయితే 2 మి.మీ. మాత్రమే. బొమ్మ మసకబారుతుంది, చేతి వణుకూ అన్ని రెట్లయి కనిపిస్తుంది. తాతకి 4 చాలు. కంటివైపు మర తిప్పి, గీతలు నల్లగా తేలేదాకా సర్దుకోవాలి.

10 మీటర్ల పోటీ గురిబొమ్మలో నల్లభాగం 30.5 మి.మీ., నడిచుక్క అర మిల్లీమీటరే! నల్లగీతలు ఆ నలుపులో కలిసిపోతాయి గనుక, ఇంటి సాధనకు తెల్లకాగితంపై మందంగా చతురస్రం గీసి నడుమ ఖాళీ వదలాలి. అప్పటికీ మసకే అయితే శుక్లాన్ని అనుమానించాలి. తాతని కంటి డాక్టరుకు చూపిద్దామన్నాను. వరికోతలయ్యాక చూద్దామన్నాడు నాన్న.