సిర్కాలో మద్యసారం ఎంత మిగిలింది?

పచ్చళ్ళలో వాడే సిర్కా గురించి మన ఇళ్ళలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది: “ఇది మద్యం నుంచే తయారవుతుందట కదా, వాడవచ్చా?” కొందరు అనుమానంతో సీసా పారబోస్తారు. కొందరు ఏమీ విచారించకుండా వాడేస్తారు. ఈ రెండూ సరైన పద్ధతులు కావు.

మాయిదా సూరా 90వ ఆయత్ మద్యాన్ని నిషేధించింది. ఎక్కువైతే మత్తెక్కించేది కొంచెమైనా హరామేనని దైవప్రవక్త (స) బోధించారు. సిర్కాను మంచి ఆదరువుగా ఆయన (స) మెచ్చుకున్నారని జాబిర్ (ర) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. మద్యం దానంతటదే సిర్కాగా మారితే హలాల్ అన్నది పండితుల ఏకాభిప్రాయం. ఏదైనా వేసి మార్చితే హనఫీ పండితులు అనుమతించారు, షాఫయీ పండితులు అనుమతించలేదు.

మరి మార్పు పూర్తయిందా? రసంలోని చక్కెరను ఈస్టు మద్యసారంగా, అంటే ఇథనాల్‌గా మారుస్తుంది. తర్వాత ఒక రకం బాక్టీరియా ఆక్సిజన్ సాయంతో దాన్ని అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. సిర్కా పులుపు ఇదే. రెండో దశ అసంపూర్తిగా ఆగితే ఇథనాల్ మిగులుతుంది. ఎంత మిగిలిందో నాలుక చెప్పలేదు, ప్రయోగశాల చెబుతుంది.

పరీక్షలోని కిటుకు

పిల్లవాడికి 100 రూపాయలిచ్చి కొట్టుకు పంపాం. 30 తిరిగి తెచ్చాడు. సరుకు 70 రూపాయలని బిల్లు చూడకుండానే తెలుస్తుంది. బ్యాక్ టైట్రేషన్ సరిగ్గా ఇదే. ఇథనాల్ నెమ్మదిగా చర్య జరుపుతుంది, ఆవిరైపోతుంది. కాబట్టి దాన్ని నేరుగా కొలవకుండా, అవసరానికి మించి డైక్రోమేట్ ఇచ్చి మిగిలినది లెక్కిస్తారు.

1. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన 0.01 మోలార్ పొటాషియం డైక్రోమేట్ 10 మి.లీ. ఫ్లాస్కులో పోస్తారు. దాని రంగు నారింజ.

2. 1 మి.లీ. సిర్కాను చిన్న గిన్నెలో పోసి, ద్రావణానికి తగలకుండా పైన వేలాడదీస్తారు. ఫ్లాస్కును బిగించి రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. ఇథనాల్ ఆవిరై ద్రావణంలో చేరి అసిటిక్ ఆమ్లమవుతుంది. చక్కెర ఆవిరి కాదు గనుక అడ్డురాదు.

3. గిన్నె తీసి పొటాషియం అయోడైడ్ కలిపితే, మిగిలిన డైక్రోమేట్‌కు తగినంత అయోడిన్ వెలువడుతుంది. దానికి 0.03 మోలార్ సోడియం థయోసల్ఫేట్‌ను చుక్కచుక్కగా కలుపుతారు. గోధుమ రంగు లేత పసుపయ్యాక గంజి వేస్తే ముదురు నీలం వస్తుంది. ఆ నీలం పోగానే ఆపాలి.

4. సిర్కా లేకుండా ఇదే పరీక్ష మరోసారి చేస్తారు.

లెక్క

సిర్కా లేనప్పుడు థయోసల్ఫేట్ 20 మి.లీ. పడుతుంది. సిర్కాతో 16 మి.లీ. పట్టిందనుకుందాం. తేడా 4 మి.లీ. ఒక్కొక్క మి.లీ.కి 0.345 మి.గ్రా. ఇథనాల్. అంటే మొత్తం 1.38 మి.గ్రా., 100 మి.లీ. సిర్కాలో దాదాపు 0.14 గ్రాములు. నారింజ రంగు పూర్తిగా పోతే సిర్కాలో నీరు కలిపి మళ్ళీ చేయాలి.

ఎసిటాల్డిహైడ్ వంటి ఇతర ఆవిరులూ డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తాయి గనుక ఫలితం కొంత ఎక్కువ రావచ్చు. డైక్రోమేట్ విషపదార్థం. ఇది ఇంట్లో చేసే పని కాదు.

ఒక విషయం గమనించండి. సిర్కా జాడీలో జరిగే మార్పే ఈ ఫ్లాస్కులోనూ జరుగుతుంది. ధర్మశాస్త్రంలో ఇస్తిహాలా అనే మార్పుకు ఇది కళ్ళెదుటి ఉదాహరణ. అయితే కొలత ఎంత ఉందో చెబుతుందే గాని ఫత్వా ఇవ్వదు. ఆ అంకెను, తయారీ విధానాన్ని నమ్మకమైన ఆలిం ముందుంచి అడగడమే మన బాధ్యత. హరామ్‌ను హలాల్ అనడం ఎంత పాపమో, హలాల్‌ను హరామ్ అనడమూ అంతే.

అనుమానంతో కాక జ్ఞానంతో నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.