పాఠం 3: పళ్లెంలో ఒక చిన్న మార్పు, చాలాకాలం నిలిచే అలవాటు

ఆరోగ్య లక్ష్మి పథకం లబ్ధిదారులైన గర్భిణులు, బాలింతలు, వారి కుటుంబ సభ్యుల కోసం

పథకంలో మీకు అందేది

తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి పథకం 2015 జనవరి 1న మొదలైంది. గర్భిణులకు, కాన్పు అయ్యాక ఆరు నెలల వరకు బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట పూర్తి భోజనం పెడతారు. అన్నం, పప్పు, ఆకుకూర లేదా కూరగాయలతో పాటు ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు.

ఇది ఒక పూట మాత్రమే. మిగతా పూటలు మన ఇంట్లోనే తింటాం. ఆ పూటల్లో ఏం తింటున్నామో చూసుకోవడమే ఈ పాఠం.

ఎందుకు ఇంత పట్టింపు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 7 కంటే తగ్గితే తీవ్రమైనది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం తక్కువ ఉన్న తల్లికి కాన్పులో కొంచెం ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం కూడా ఉంటుంది.

కడుపు నిండింది కదా అనుకుంటాం. కానీ కడుపు నిండడం వేరు, రక్తం పట్టడం వేరు. రేషన్ కార్డు మీద ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం వస్తున్నాయి. అంటే రోజుకు 200 గ్రాములు. బియ్యానికి కొదవ లేదు. పళ్లెంలో తగ్గేది పప్పు, ఆకుకూర, గుడ్డు.

అన్నీ ఒక్కసారే మార్చొద్దు

రేపటి నుంచి అన్నీ మానేస్తా, అన్నీ మార్చేస్తా అంటే వారం కూడా నిలవదు. ఇంట్లో వాళ్లూ ఒప్పుకోరు. అందుకే రోజూ ఎలాగూ చేసే పనికి ఒక్క మార్పు జోడించండి. అది అలవాటయ్యాక, రెండు మూడు వారాలకు, ఇంకొకటి మొదలుపెట్టండి.

1. పప్పు పోసేటప్పుడు: ఇంకో గుప్పెడు.
కుక్కర్‌లో పప్పు పోసే చేత్తోనే ఒక గుప్పెడు ఎక్కువ పోయండి. 30 గ్రాముల పప్పులో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక గుడ్డులో ఉన్నది దాదాపు అంతే. కందిపప్పు ధర ఎక్కువగా ఉంటే పెసర్లు, బొబ్బర్లు, శనగలు వాడుకోవచ్చు.

2. పప్పు ఉడికేటప్పుడు: ఒక ఆకుకూర.
తోటకూర, పాలకూర, పుంటికూర, గంగవాయిలి కూర, మునగాకు ఏది దొరికితే అది. మునగ చెట్టు పెరట్లో ఉంటే పైసా ఖర్చు లేదు. కూర ముందు కడిగి, తర్వాత తరగండి. తరిగాక కడిగితే కొన్ని విటమిన్లు నీళ్లలో పోతాయి.

3. తినేటప్పుడు: నిమ్మకాయ బద్ద.
ఆకుకూరలో, పప్పులో ఉన్న ఐరన్ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. పప్పన్నం మీద నిమ్మరసం పిండండి. లేదా భోజనంతో పాటు జామపండు, ఉసిరికాయ తినండి.

4. చాయ్ తాగేటప్పుడు: గంట ఆగండి.
చాయ్ మానమని చెప్పడం లేదు. అన్నం తిన్న వెంటనే తాగితే అందులోని పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు గానీ, గంట తర్వాత గానీ తాగండి.

5. బియ్యం కడిగేటప్పుడు: రెండుసార్లు చాలు.
నాలుగైదు సార్లు కడిగినా, గంజి వార్చి పారబోసినా బి విటమిన్లు పోతాయి. నీళ్లు ఇగిరేలా వండండి. గంజి వారిస్తే దాన్ని తాగండి, లేదా పప్పులో కలపండి.

ఐరన్ మాత్ర సంగతి

తిండి ఒక్కదానితో సరిపోదు. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు రోజుకో ఐరన్ ఫోలిక్ మాత్ర వేసుకోవాలి. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు, అది మామూలే. వికారంగా ఉంటే అన్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు వేసుకోండి. కాల్షియం మాత్రను దీంతో కలిపి వేసుకోవద్దు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. మాత్ర పడకపోతే మానేయకుండా ఏఎన్ఎంకు చెప్పండి.

ఇంట్లో వాళ్లకు ఒక మాట

చాలా ఇళ్లలో కోడలు అందరికీ పెట్టి, మిగిలింది తింటుంది. కేంద్రంలో ఇచ్చిన గుడ్డును కూడా ఇంటికి తెచ్చి పెద్ద పిల్లకు పెడుతుంది. తల్లి ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ గుడ్డు కడుపులో బిడ్డ వంతు. అత్తమ్మలు, భర్తలు ఒక పని చేయండి: కోడలిని మీతో పాటే కూర్చోబెట్టి, పప్పు, కూర ముందే వడ్డించండి.

"ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని తిండి తగ్గించొద్దు. బాలింతకు పథ్యం పేరుతో వారాల తరబడి వెల్లుల్లి కారం అన్నమే పెట్టొద్దు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, దాహం తీరేంత నీళ్లు కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెట్టొచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పినట్టు తినాలి.

ఈ వారం పని

పై ఐదింటిలో మీ ఇంట్లో తేలిగ్గా కుదిరేది ఒక్కటి ఎంచుకోండి. ఏది ఎంచుకున్నారో అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. చేసిన రోజు క్యాలెండర్‌లో గీత పెట్టుకోండి. ఒక రోజు తప్పితే మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి, వదిలేయొద్దు.

కలిసి మాట్లాడుకుందాం

• నిన్న మీ పళ్లెంలో అన్నం కాక ఇంకేం ఉన్నాయి?
• మీ ఇంట్లో చివరగా తినేది ఎవరు?
• మీ ఊర్లో ఈ నెల చవకగా దొరికే ఆకుకూర ఏది?

వచ్చే పరీక్షకు వెళ్లినప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డు వెంట తీసుకెళ్లండి. హిమోగ్లోబిన్ ఎంత ఉందో అడిగి రాయించుకోండి. పోయినసారి అంకె పక్కన పెట్టి చూడండి. తగ్గితే ఆలస్యం చేయకుండా ఏఎన్ఎంను గానీ డాక్టర్‌ను గానీ కలవండి.