ఇరవై నాలుగు గంటల పరీక్ష

వేగం మానవుని చిరకాల స్వప్నం. అయితే క్షణకాలపు వేగం వేరు, కడదాకా నిలిచే సత్తువ వేరు. ఈ భేదాన్ని లోకానికి చాటిన పోటీ, ఫ్రాన్సు దేశంలోని లె మాన్ పట్టణ సమీపంలో జరిగే కారు పందెం.

ఆ కాలంలో కార్ల దీపాలు, బ్రేకులు అంతగా నమ్మదగినవి కావు. జనం వాడే కార్లు అహోరాత్రాలు నడిచి నిలువగలవా అని పరీక్షించడానికి జార్జ్ డ్యురాన్, పాత్రికేయుడు షార్ల్ ఫరూ మొదలైనవారు ఈ పోటీని రూపొందించారు. ఒక్కొక్క కారును ఇద్దరు వంతులవారీగా నడపాలి. ఇంజను పరిమాణాన్ని బట్టి ప్రతి కారుకూ కనీస దూరం నిర్ణయించారు.

1923 మే 26న, వర్షంలో, 33 కార్లు బయలుదేరాయి. మరునాటికి 30 నిలిచాయి. లగాష్, లియొనార్ జంట షెనార్-వాల్కర్ కారులో అందరికంటె అధికంగా 2,209 కి.మీ. పయనించింది. మన నెల్లూరు మీదుగా చెన్నై నుండి కోల్‌కతాకు గల దూరంకంటె ఇది ఎక్కువ. అయినా ఆ ఏడు అధికారికంగా విజేతను ప్రకటించలేదు.

ఇంగ్లండు నుండి వచ్చిన బెంట్లీ కారుకు ముందు చక్రాల బ్రేకులు లేవు. రాయి తగిలి ఇంధనపు తొట్టికి చిల్లుపడి, కారు దారిలో ఆగింది. డఫ్ ఆ వార్తను శిబిరానికి చేర్చగా, సహచరుడు క్లెమెంట్ పెట్రోలు డబ్బాలతో సైకిలుపై వెళ్లి, చిల్లు పూడ్చి, కారును నడిపించుకొని వచ్చాడు. మరుసటి ఏడు నాలుగు చక్రాలకూ బ్రేకులు, దీపాలకు జాలీలు, తొట్టికి రక్షణ అమర్చుకొన్నారు. 1924లో విజయం ఆ జంటనే వరించింది.

ఓటమి చూపిన లోపాలను ఓర్పుతో సరిదిద్దుకొన్నవారికి అది గురువవుతుంది. విద్యార్థి జీవితానికీ ఈ సత్యం వర్తిస్తుంది.