మట్టిముద్దతో మొదలగు విద్య

ఇంటర్మీడియట్ ముగించిన బాలికయో బాలుడో ఇంజనీరింగును కాదని, వైద్యవిద్యను కాదని, డిజైన్ చదువుదునని ఇంటిలో చెప్పినప్పుడు, సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని తల్లిదండ్రుల నోట మొదట వెలువడు ప్రశ్న "ఉద్యోగము వచ్చునా?" అనునది, రెండవది, తొలి సెలవులకు ఇల్లుచేరిన బిడ్డ సంచిలో మట్టిముద్దలును, మడతలుపెట్టిన కాగితములును, వంచిన తీగలును కంటబడిన పిదప పుట్టునది, "ఇంత డబ్బు పోసి చదివించుచున్నది బొమ్మలు చేయుటకా?" అనునది. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పువారు పలువురు కలరు. రెండవదానికి చెప్పువారు అరుదు; దాని మర్మము తెలియకయే మొదటి సంవత్సరమున మనసు విరిగిపోవు విద్యార్థులును కలరు. కావున ఈ వ్యాసము ప్రధానముగా ఆ రెండవ ప్రశ్నను గూర్చియే.

ఈ మట్టి, కాగితముల చదువు నిన్న మొన్న పుట్టినది కాదు. 1919లో జర్మనీ దేశపు వైమార్ నగరమున స్థాపితమైన బౌహౌస్ విద్యాలయమున, విద్యార్థి ఏ వృత్తిశాఖలో చేరుటకైనను ముందుగా యొహానెస్ ఇట్టెన్ అను ఆచార్యుడు నడపిన ప్రాథమిక శిక్షణను పూర్తిచేయవలసియుండెను. ఆయన తరువాత వచ్చినవారిలో జోసెఫ్ ఆల్బర్స్ విద్యార్థులకు సామాన్యమైన కాగితమునిచ్చి, ముక్కయైనను వృథా పోకుండ దానిచేత ఏమి చేయింపగలరో చూడుడనెను. మొహోలి-నాజ్ గరుకు, నునుపు, మెత్తన, గట్టి వస్తువులను పలకపై వరుసగా పేర్చి వ్రేళ్లతో చదువు ఫలకములను చేయించెను. 1933లో ఆ విద్యాలయము మూతపడినను ఆ పద్ధతి దేశదేశములకు ప్రాకినది. మన దేశమున భారత ప్రభుత్వము పిలువగా వచ్చిన రూపకర్తలగు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో, తాము ఈ దేశమున చూచిన వస్తువులలో చెంబును మిక్కిలి మెచ్చుకొని, దాని బరువు, అది చేతికి అమరు తీరు, నీరు ఒంపునప్పటి ఒడుపు మొదలుకొని అది రాతిపై దించినప్పుడు చేయు చప్పుడు వరకును రూపకర్త ఆలోచింపవలసిన విషయములేయని చూపిరి. ఆ నివేదిక ఆధారముగా 1961లో అహమదాబాదున జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడినది. మన ఇండ్లలో నిత్యము చేతబట్టు చెంబే ఒక మహావిద్యాలయమునకు మూలవస్తువైనదన్నమాట!

ఇక స్టూడియోలో జరుగునదేమి? ఒక అభ్యాసమును దగ్గరగా చూతము. విద్యార్థికి మట్టినిచ్చి పిడికెడంత ఘనమును, అదే పరిమాణము గల గోళమును చేయుమందురు. పిమ్మట, ఘనము క్రమక్రమముగా గోళమగునట్లు ఆ రెంటి నడుమ కొన్ని మెట్లను కల్పింపుమందురు. వినుటకు ఇది పసిపిల్లల పని. చేయబూనినవానికి తెలియును, సాయంకాలము సమతలముగా నుండిన ముఖము తెల్లవారునప్పటికి లోపలికి గుంటపడుననియు, ఆరుటలో మూలలు ముందుగా ఎండి పగుళ్లు పట్టుననియు, అన్నిటికన్న దుష్కరమైనవి నడిమి మెట్లేయనియు. ఏలయన అవి ఘనమును కావు, గోళమును కావు, అయినను తమకొక స్వరూపము కలవై యుండవలెను. కంటికి సరిగా నున్నట్లు తోచిన అంచు బొటనవ్రేలితో తడవగా వంకర తేలును. ఆ తడవుటయే పాఠము. లెక్కల పరీక్షలో వలె ఇట సరియైన జవాబు పుస్తకము చివర నుండదు గనుక, మార్కులకు అలవాటుపడిన మన పిల్లలకు తొలి నెలలలో ఊపిరాడకుండుట సహజము.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మరియొక గురువు. నీటిలో పొడిని చల్లుచుపోగా అది నీటిమట్టమునకు పైగా చిన్న చిన్న దిబ్బలుగా తేలినప్పుడు చల్లుట మానవలెను. తొందరపడి ముందే కలియబెట్టినచో బుడగలు చేరును, ఆలసించినచో గిన్నెలోనే గట్టిపడును. ఖాళీ పాలసంచిలో దానిని పోసి అరచేతులతో పట్టుకొన్నయెడల, గట్టిపడు వేళ అది వెచ్చనగుట చేతికి తెలియును. రసాయనశాస్త్రమున ఉష్ణమోచకచర్యయని వల్లెవేసిన మాట అప్పుడు ఒంటికెక్కును. మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారములను చూచుచు పెరిగిన కోదాడ విద్యార్థి, చేతికి తొడుగు వేసికొని, సిమెంటుతోను ఇదే పని చేసి రెండు ముద్దలను ప్రక్కప్రక్కన పెట్టి చూడదగును. ఒకే అచ్చునుండి వెడలినను బరువులో, చల్లదనములో, తట్టినప్పటి ధ్వనిలో ఆ రెండును ఒక్కటి కావు.

ఇంద్రియముల శిక్షణకు కొందరు ఆచార్యులు కండ్లకు గంతలు కట్టి వస్తువులను చేతికిత్తురు. కొందరు ఒక వాసనను గీతగాను, ఒక ధ్వనిని రంగుగాను మార్చుమందురు. ఇందుకు మిర్యాలగూడ విద్యార్థికి లభించు సామగ్రి మహానగరమున పెరిగినవానికి లభింపదని నా దృఢాభిప్రాయము. నాగార్జునసాగరము ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు ఆ పట్టణపు మిల్లులకు చేరి, నాని, ఉడికి, ఎండి, ఆడి, ఉప్పుడు బియ్యముగా వెడలువరకు ప్రతి దశకును వేరు వాసన, వేరు స్పర్శ, వేరు చప్పుడు కలవు: వడ్లగింజ అరచేతిని గీరును, ఊక తేలికగా జారిపోవును, తవుడు వ్రేళ్లకు జిడ్డుగా అంటుకొనును, నూకలు గోనెసంచిలో గలగలలాడును. కాల్చిన ఊకలో సుమారు ఐదవవంతు బూడిదగా మిగులును. అందులో అత్యధికభాగము సిలికా యగుటచేతనే దానిని కాంక్రీటులో కలుపుదురు. ఊకను మైదాజిగురుతో కలిపి ఒక పలక చేయుము, బూడిదను సున్నముతో కలిపి మరియొకటి చేయుము, రెండును ఎండిన పిమ్మట ఏది విరిగెనో, ఏది వంగెనో, ఏది నీటిని పీల్చెనో వ్రాసికొనుము. ప్రవేశపరీక్షకు ముందే ఇట్టి పుస్తకమొకటి నింపినవాడు ఏ శిక్షణాకేంద్రపు మెట్లెక్కకున్నను నష్టము లేదు. ఆ కేంద్రములలో పలుచోట్ల వల్లెవేయించు తయారు బొమ్మలను పరీక్షకులు చూచి చూచి విసిగియుందురని నా అనుమానము.

సూర్యాపేటవారికి పిల్లలమఱ్ఱి దగ్గరలోనే ఉన్నది. రేచెర్ల నామిరెడ్డి పేర వెలసిన నామేశ్వరాలయము, 1208 నాటి ఎరకేశ్వరాలయము అచట కలవు. నున్నగా మెరయు ఆ నల్లరాతి స్తంభముల యెదుట కూర్చుండి, చతురస్రమైన భాగము అష్టకోణమగుట, అష్టకోణము వృత్తమగుట ఎచ్చట, ఎట్లు సంభవించెనో గీసికొనిన విద్యార్థికి, పైన చెప్పిన ఘనగోళాభ్యాసము ఎనిమిది వందల ఏండ్లనాటి శిల్పి కొలిమి దగ్గర పదునుపెట్టిన ఉలితో నెరవేర్చిన పనియేయని బోధపడును. ఆ రాళ్లపై కాగితమునుంచి రంగుముక్కతో రుద్ది ముద్రలు తీయుట తగదు. కన్ను, పెన్సిలు చాలును. ముద్రలు తీయు అభ్యాసమునకు ఇంటిలోని చేట, జల్లెడ, చాప ఉండనే ఉన్నవి.

పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాక తేలియా రుమాలును గూర్చి కూడ ఒక మాట. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీటిలో నూలును నానబెట్టి పిసికి ఆరవేయుట పలుమారులు జరుగును. ఆ నూనె వాసన బట్టను విడువదు, ఆ పేరును దానివలననే వచ్చెను. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. వస్త్రరూపకల్పన చదువదలచినవారు ఆ నూలును ఒక్కసారి చేతబట్టి వాసన చూచినచో, పుస్తకములో పది పుటలు చదివినదానికన్న ఎక్కువ గ్రహింతురు.

ప్రవేశమార్గములు సంక్షేపముగా. ఐఐటీల బి.డిజైన్ కోర్సులకు బొంబాయి ఐఐటీ నిర్వహించు యూసీడ్ పరీక్ష సామాన్యముగా జనవరిలో జరుగును, దరఖాస్తులు అక్టోబరు ప్రాంతమున మొదలగును. మొత్తము 300 మార్కులలో 200 కంప్యూటరుపైన, 100 చేతితో గీయు భాగమునకు. ఏ గ్రూపువారైనను వ్రాయవచ్చునుగాని, ఒక్కొక్క సంస్థ ప్రవేశనియమమును ఆ యేటి సమాచారపత్రమున సరిచూచికొనవలెను. వరుస సంవత్సరములలో రెండుమార్లకన్న అవకాశము లేదు. సంగారెడ్డి దగ్గరి కందిలో నున్న హైదరాబాదు ఐఐటీ ఈ మార్గముననే చేర్చుకొనును. జాతీయ డిజైన్ సంస్థల పరీక్షకు రెండు దశలు. రెండవ దశలోని స్టూడియో పరీక్షలో మట్టి, తీగ, కాగితము వంటివి చేతికిచ్చి చేయుమనుట కలదు. ఆంధ్రప్రదేశ్ సంస్థ 2015లో ప్రారంభమైనది. అది విజయవాడ వైపు నున్నది గనుక కోదాడవారికి హైదరాబాదుకన్న దగ్గర. హైదరాబాదు మాదాపూరులోని జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ (నిఫ్ట్) 1995 నుండి నడచుచున్నది. అచట సైతము వడపోతలో నిలిచినవారికి ఇచ్చిన సామగ్రితో వస్తువు చేయు పరీక్ష ఉండును.

ఇక మొదటి ప్రశ్న. వస్తురూపకల్పన, వస్త్రము, గృహోపకరణములు, ప్యాకింగు, మొబైలు తెరల రూపకల్పన, ప్రదర్శనశాలలు అను దిక్కులలో ఉద్యోగములు కలవు. ప్రభుత్వ సంస్థలలో సైతము రుసుములు స్వల్పము కావు గనుక విద్యారుణము, ఉపకారవేతనముల వివరములు ముందే విచారింపవలెను. కాని నియమించువారు పట్టాకన్న ముందు అడుగునది పనుల సంపుటమును. అందులో పూర్తయిన నాలుగు అందమైన వస్తువుల ఛాయాచిత్రములు మాత్రమే యుండిన, వాటిని వేరెవరో చేసియుండవచ్చునను శంకకు తావుండును. పగిలిన మట్టిఘనమును, విరిగిన ఊకపలకను, వాటి ప్రక్కన కారణము వ్రాసిన పంక్తులును ఉండిన ఆ శంక ఉండదు. కనుక తల్లులారా, సెలవులకు వచ్చిన బిడ్డ సంచిలోని ఆ ముద్దలను ఇల్లూడ్చు వేళ పారవేయకుడు. వాటిని తేదీ వేసి అట్టపెట్టెలో దాచుమని బిడ్డకు చెప్పుడు.